స్టీరింగు దిగిన చలికాలం

నవంబరు మొదటి వారం. మధ్యాహ్నం పన్నెండున్నర. ట్రక్కు వెనక తలుపు దించగానే ముందు చలి లోపలికి వచ్చింది. తర్వాతే వెలుతురు. దిగి చూస్తే చీలమండల దాకా బురద. సన్నటి వాన. రేకుల షెడ్లు నాలుగు, వరసగా నిలబెట్టిన బండ్లు పది. కొండలు సగం వరకే కనబడుతున్నాయి, పైన అంతా మబ్బు. అరుణాచల్‌లో ఒక లోయ అది. పేరు రాయను. ఎత్తు ఏడు వేల అడుగులు.

సెక్షన్ హవల్దార్ వచ్చి పేరు అడిగాడు. నాగుల్‌మీరా అన్నాను. ఊరు ఆంధ్రాలో మాచర్ల అన్నాను. ఆయనకు మాచర్ల తెలియదు, అవసరమూ లేదు. మంచు బూట్లు ఒక జత, ఉన్ని తొడుగులు రెండు జతలు, చక్రాలకు చుట్టే ఇనప గొలుసులు ఒక సెట్టు ఇచ్చి, నాలుగో నంబరు బండి చూపించాడు. పని కూడా అక్కడే నిలబడి చెప్పాడు. బేసు నుంచి కనుమ దాటించి అవతలి పోస్టులకు రేషను, కిరసనాయిలు, మనుషులు చేర్చాలి. కనుమ ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. బయల్దేరడం తెల్లవారి ఐదుకు. పదిలోపు కనుమ దాటాలి, తర్వాత గాలి లేస్తుంది. జనవరి చివరికి మంచు దారి మూసేస్తుంది. ఈలోగా చలికాలం సరుకంతా పైకి పోవాలి.

మా ఊళ్ళో నన్ను చూసినవాళ్ళు ఒక ప్రశ్న అడుగుతారు. మిలటరీలో డ్రైవరువి కదా, బండి ఎందుకు తోలవని. కొందరు ఎకసెక్కంగా అడుగుతారు, కొందరు నిజంగానే. బస్టాండు దగ్గర నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకే రాస్తున్నాను.

మా నాయన మాచర్లలో లారీల మెకానిక్. నేను గ్రీజు వాసనలో పెరిగాను. సైన్యంలో చేరాక కూడా స్టీరింగే నా ఆయుధం. నాలుగో బండిలో నాకు ఇచ్చిన రెండో డ్రైవరును చూసి మొదటి రోజే ప్రాణం లేచి వచ్చింది. అతని పేరు కోటేశ్వరరావు, ఊరు రొంపిచెర్ల. నాకన్నా రెండేళ్ళు చిన్న. బేసు మొత్తంలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. అందరూ అతన్ని రావు అనేవాళ్ళు. నేను కోటయ్యా అనేవాణ్ణి.

ఆ దారిలో రెండో డ్రైవరు పని నిద్రపోవడం కాదు. పోయేటప్పుడు లోయ ఎడమ పక్కన ఉంటుంది. స్టీరింగు కుడి పక్కన ఉంటుంది. ఎడమ చక్రం అంచుకు ఎంత దగ్గరగా ఉందో తోలేవాడికి కనబడదు. పక్కన కూర్చున్నవాడు కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి చూసి చెప్పాలి. మంచు పడుతున్నా, గాలి కొడుతున్నా అంతే. కోటయ్య గొంతు మీద నేను ఆ దారి నడిపాను.

“మూరెడుంది, రా. జానెడుంది, రా. ఆగు, ఆగు. కొంచెం కుడికి కొట్టు. ఆఁ, పోనీయ్.”

ఒక మాట ఎక్కువ మాట్లాడేవాడు కాదు. కనుమ దిగాక మాత్రం వాళ్ళ మిరప చేను గురించి, నల్లి తెగులు గురించి, వాళ్ళమ్మ గురించి ఆపకుండా మాట్లాడేవాడు.

డిసెంబరు మధ్యలో మూడు రోజులు వరసగా పైకి వెళ్ళి వచ్చాం. దారిలో ఒకచోట కొండ జారింది. నిద్ర సరిగా లేదు. నాలుగో రోజు పొద్దున నాలుగున్నరకు బండి మీద టార్పాలిన్ తాడు బిగిస్తున్నాను. ముడి వేసినంతవరకు నాకు గుర్తుంది. ఆ తర్వాత వైద్యుల గది పైకప్పు గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. నిద్రలో కూడా ఎంతసేపు పడుకున్నామో ఒక లెక్క తెలుస్తుంది. దీనికి అదీ లేదు. నోట్లో రక్తం రుచి. నాలుక పక్కన తెగింది. ప్యాంటు తడిసి ఉంది. కుడి భుజం గూడు తప్పినంత నొప్పి. అరచేతిలో బండి తాళాలు గుచ్చుకున్న గుర్తు. మూర్ఛ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని ఎవరో పెట్టారట.

కోటయ్య మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఏమైందని అడిగాను.

“కట్టెలాగా బిగుసుకుపోయి పడ్డావు. కళ్ళు పైకి పోయినయి. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నయి. నేను నిన్ను పక్కకు తిప్పి పట్టుకున్నా,” అన్నాడు. తర్వాత చిన్నగా అన్నాడు, “బండి మీద ఉంటే ఏందిరా మీరా?”

ఆ ప్రశ్న నాకంటే ముందు వాడికి వచ్చింది.

మా బేసు డాక్టరు ఒక కెప్టెన్. వయసులో నాకన్నా చిన్నావిడ. ఆ పొద్దున్నే హవల్దార్‌ను పిలిచి నా బండి తాళాలు తీసేసుకోమన్నారు. నన్ను కింద మైదానంలోని మిలటరీ ఆసుపత్రికి పంపారు. అక్కడ తలను స్కాను చేశారు. నెత్తి మీద తీగలు అంటించి కాగితం మీద గీతలు తీశారు. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉందా, తలకు దెబ్బ తగిలిందా, మందు తాగుతావా అని అడిగారు. అన్నింటికీ లేదన్నాను.

మెదడులో ఎడమ పక్కన చిన్న మచ్చ కనబడింది. ఎప్పుడో ఒంట్లోకి పోయిన పురుగు గుడ్డు మెదడులో చేరి, చచ్చి, సున్నపు చుక్కలాగా గట్టిపడిందని చెప్పారు. పక్క మంచం సిపాయి అది పంది మాంసం తింటే వచ్చేదని అన్నాడు. మా ఇంట్లో దాని పేరు కూడా ఎత్తరు. ఆ మాట డాక్టరుకు చెబితే, తిననవసరం లేదు, సరిగా కడగని ఆకుకూర చాలు, మురికి నీళ్ళు చాలు అన్నారు. పొద్దున, సాయంత్రం వేసుకోవడానికి మాత్రలు ఇచ్చారు. నన్ను ఉద్యోగంలో ఉంచాలో వద్దో తేల్చే వైద్య బోర్డు కూర్చునే వరకు బేసులో తేలిక పని చేయమని వెనక్కి పంపారు.

బేసు డాక్టరు ఆ కాగితాలు చూస్తున్నప్పుడు మా ప్లాటూన్ సుబేదార్ కూడా గదిలో ఉన్నాడు. ఆయన కష్టం ఆయనది. ఇద్దరు డ్రైవర్లు సెలవులో ఉన్నారు. ఒకడికి కామెర్లు. దారి మూసుకోవడానికి నెల కూడా లేదు. పై పోస్టుల్లో ఉన్నవాళ్ళకు కిరసనాయిలు సగమే చేరింది.

ఇది మళ్ళీ వస్తుందా అని నేనే అడిగాను. మూడు రాత్రులు నిద్ర లేకపోవడం వల్ల మాత్రమే వచ్చి ఉంటే, నిద్రపోతే చాలు, భయం తక్కువని చెప్పేదాన్ని అన్నారావిడ. నీ స్కానులో మచ్చ ఉంది, గీతల్లో తేడా కూడా సరిగ్గా ఆ మచ్చ దగ్గరే ఉంది, రెండూ ఒకే మాట చెబుతున్నాయి అన్నారు. మళ్ళీ వచ్చే అవకాశం రాని అవకాశం కన్నా ఎక్కువట. మొదటి నెలల్లో మరీ ఎక్కువట. రాకుండా రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది, మాత్రలతో ఇంకా తగ్గుతుంది, సున్నా మాత్రం కాదన్నారు.

సుబేదార్ ఒక్క నెల ఓర్చుకోమని అడిగాడు. మాత్రలు వేసుకుంటున్నాడు కదా, ఇంత మంచి డ్రైవరు నాకు లేడు అన్నాడు. నేనూ బతిమాలాను. పక్కన కోటయ్య ఉంటాడు, ఏదైనా అయితే పట్టుకుంటాడు అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే అది ఎంత పిచ్చిమాటో నాకు తెలుసు. మూర్ఛలో ఉన్నవాడి కాలు యాక్సిలరేటర్ మీద బిగుసుకుంటే పక్కవాడు ఏం పట్టుకుంటాడు.

డాక్టరు కోప్పడలేదు. ఆవిడ అన్న మాటలు హిందీలో ఉన్నా నాకు తెలుగులోనే గుర్తుండిపోయాయి.

“సాబ్, ఇంటి దగ్గర స్కూటరు నడుపుకునే మనిషికి ఒక లెక్క. వెనక ఇరవై మందిని ఎక్కించుకొని కనుమ ఎక్కే మనిషికి ఇంకో లెక్క. రేపు ఇతనికి వస్తుందో రాదో నాకు తెలియదు. తెలియదు కాబట్టే వద్దంటున్నాను.”

నాలుగో బండి కోటయ్యకు ఇచ్చారు. వాడికి రెండో డ్రైవరు దొరకలేదు. పక్క సీట్లో రేడియో ఆపరేటరును కూర్చోబెట్టారు. మంచి కుర్రాడు, హర్యానావాడు. సెట్టు తప్ప ఇంకేమీ తెలియదు. అంచు చూడటం ఎలాగో వాడికి నేర్పమని కోటయ్య నాతో అన్నాడు. రెండు సాయంత్రాలు కోటయ్య షెడ్డు చుట్టూ బండి తిప్పుతుంటే నేర్పాను. షెడ్డు చుట్టూ లోయ లేదు. అక్కడ నేర్చుకున్నది ఎంతో అంతే.

నాకు రేడియో గదిలో పని ఇచ్చారు. పొయ్యిలో కిరసనాయిలు పోయడం, ఉష్ణోగ్రత చూసి పలక మీద రాయడం, ఫోను ఎత్తడం. ఆ గదిలో కూర్చుంటే నా బండి ఎక్కడుందో వినబడేది. అంతే, వినబడేది.

జనవరి పన్నెండు. పొద్దున ఉష్ణోగ్రత సున్నాకు ఆరు డిగ్రీలు కింద. ముందు రోజు మధ్యాహ్నం ఎండ కాసి మంచు కరిగింది. తెల్లారేసరికి ఆ నీళ్ళు రోడ్డు మీద గాజులాగా గట్టిపడ్డాయి. ఐదింటికి ఆరు బండ్లు బయల్దేరాయి. నాలుగో బండిలో మనుషులు లేరు, కిరసనాయిలు పీపాలు ఉన్నాయి. పోయే ముందు కోటయ్య రేడియో గది తలుపు దగ్గరకు వచ్చి, క్లచ్చి కొంచెం గట్టిగా ఉంది, సాయంత్రం చూద్దువు అన్నాడు. సరే అన్నాను. వాడితో నా చివరి మాట ఆ సరే.

తొమ్మిదీ నలభైకి ముందు బండి నుంచి మాట వచ్చింది.

“ఒకటి నుంచి బేసుకు. కనుమ దాటాం. దిగుతున్నాం.”

పది దాటాక మళ్ళీ.

“ఒకటి నుంచి నాలుగుకు. నాలుగు, జవాబు ఇవ్వు.”

కాసేపు గరగర శబ్దం.

“నాలుగు, జవాబు ఇవ్వు. ఐదు, నీ ముందు నాలుగు కనబడుతోందా?”

“ఐదు నుంచి ఒకటికి. కనబడటం లేదు. రోడ్డు అంచు తెగి ఉంది.”

బేసు ఆపరేటరు నా వైపు చూశాడు. నేను పలక మీద ఏదో రాస్తున్నాను. ఏం రాశానో తెలియదు.

బండి నూట యాభై అడుగులు పడి ఒక బండరాయి దగ్గర ఆగింది. హర్యానా కుర్రాడు మొదటి పల్టీలోనే బయటికి ఎగిరిపడ్డాడు. కాలు, నడుము విరిగాయి, బతికాడు. కోటయ్యను ఆ మధ్యాహ్నమే పైకి తెచ్చారు. విచారణలో డ్రైవరు తప్పు లేదని తేల్చారు. కింద మట్టి ముందే కొట్టుకుపోయి ఉంది, పైన మంచు పొర మాత్రమే నిలబడి ఉంది, ఎడమ చక్రం దాని మీదకు పోయింది. ఆ బండిని మామూలుగా ఎవరు నడిపేవాళ్ళని నన్ను అడిగారు. నేనే అన్నాను. ఎందుకు నడపలేదని అడిగారు. చెప్పాను. ఇంకేమీ అడగలేదు.

ఆ రోజు నాకు మూర్ఛ రాలేదు. మర్నాడు రాలేదు. ఆ నెలంతా రాలేదు. రాని ఒక్కో రోజూ నన్ను కాల్చింది. డాక్టరు పొరబడిందేమో అనుకున్నాను. నేను స్టీరింగు మీద, కోటయ్య కిటికీలో ఉండి ఉంటే వాడు ఆ తెగిన అంచు చూసేవాడు, ఆగు అనేవాడు, నేను ఆపేవాణ్ణి. ఇదే ఆలోచన. అన్నం తింటున్నా ఇదే.

మార్చి మొదట్లో, మిట్టమధ్యాహ్నం, కుళాయి దగ్గర పళ్ళెం కడుగుతూ పడిపోయాను. సిమెంటు గట్టు తగిలి నుదురు చిట్లింది. మాత్ర ఒక్క పూట కూడా మానలేదు. నిద్ర బాగానే పోతున్నాను. అయినా వచ్చింది. డాక్టరు కుట్లు వేస్తున్నారు. నేనే అడిగాను, ఇది ఆ పన్నెండో తారీకున వచ్చి ఉండేదా అని. ఆవిడ దారం కత్తిరించి, ఆ ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరా ఉండదన్నారు.

బోర్డు కూర్చుంది. డ్రైవింగుకు పనికిరాడు, ఆయుధానికి పనికిరాడు, ఎత్తుకు పనికిరాడు. మే నెలలో నన్ను ఇంటికి పంపారు.

గుంటూరులో రైలు దిగి బస్సెక్కాను. పిడుగురాళ్ళ దాటాక కిటికీలోంచి వడగాలి కొడుతోంది. రోడ్డు పక్కన సున్నపు దుమ్ము, సిమెంటు లారీలు. లారీ ఎదురైనప్పుడల్లా నా కుడికాలు బ్రేకు కోసం వెతికింది.

మా నాయన సంగతి విని తాయెత్తు కట్టించాడు. మా అమ్మ నన్ను బావి దగ్గరకు పోనివ్వలేదు. మా అక్క మొగుడు దాచేపల్లిలో సిమెంటు లారీ తోలతాడు. ఆయన ఏడాదిన్నర ఊరుకున్నాడు. అప్పటికి మాత్రల మోతాదు మార్చారు, మళ్ళీ మూర్ఛ రాలేదు. ఒకరోజు గ్యారేజీకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“మా ఓనరు డ్రైవరు కోసం చూస్తన్నాడు. మిలటరీ డ్రైవరంటే కళ్ళకద్దుకుంటాడు. ఏడాదిన్నర నుంచి రాలేదుగా, ఇంకేంది నీ భయం? నువ్వు చెప్పకపోతే ఎవుడికి తెలిసిద్ది?”

మా నాయన స్పానరు తుడుస్తూ విన్నాడు. కాదనలేదు. ఆయనకు నడుం నొప్పి, లారీల కింద దూరలేకపోతున్నాడు. నాకు సంబంధాలు రావడం లేదు. నేను కూడా కాదనలేదు. నరసరావుపేటలో నన్ను చూసే డాక్టరును అడుగుతానన్నాను.

ఆయన పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడతాడు. రెండుసార్లు వచ్చింది, మచ్చ అక్కడే ఉంది, మాత్రలు పని చేస్తున్నాయి, ఇవన్నీ నిజాలే అన్నాడు. ఇలాగే ఇంకా కొన్నేళ్ళు గడిస్తే భయం చాలా తగ్గుతుందన్నాడు. లారీకి మాత్రం నేను ఎప్పటికీ ఒప్పుకోను, సిమెంటు లారీకి అడ్డం వచ్చే మనిషికి నీ మచ్చ సంగతి తెలియదు కదా అన్నాడు. బయటికి వచ్చి బస్టాండులో గంటసేపు నిలబడ్డాను. ఒప్పుకోకపోతే ఏం, ఆయన వచ్చి లారీ ముందు నిలబడతాడా అనిపించింది. మాచర్ల బస్సు వచ్చింది, పోయింది. రొంపిచెర్ల బస్సు వస్తే ఎక్కేశాను.

కోటయ్య ఇంటికి అప్పటిదాకా వెళ్ళలేకపోయాను. ఫిబ్రవరి ఎండ. ఊరి బయట కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. వాళ్ళమ్మ తెల్లబారిన తాలు కాయలు ఏరుతోంది. పేరు చెప్పగానే లేచి, కొంగుతో చెయ్యి తుడుచుకొని, గోనెపట్టా పరిచి కూర్చోమంది. మంచినీళ్ళు ఇచ్చింది. మళ్ళీ కాయలు ఏరడం మొదలుపెట్టింది.

“నీకు జబ్బు చేసి, నీ బండి మావాడి చేతికిచ్చారంట గదా. మా చుట్టాలంటన్నారు.”

“అవును పెద్దమ్మా.”

“నువ్వు తోల్తే మావాడు యాడ కూర్చునేవోడు?”

“నా పక్కన. ఎడం పక్క. అంచు చూసి చెప్పేవాడు.”

ఆమె చేతులు ఆగాయి. నేను అంతా చెప్పాను. వాడు పక్కన ఉంటే అంచు చూసేవాడేమో అన్నాను. ఆ రోజు నాకే మూర్ఛ వచ్చి ఉంటే ఇద్దరం పోయేవాళ్ళమేమో అన్నాను. రెండూ నాకు తెలియవన్నాను.

“ఎట్టా చూసినా మావాడు ఆ బండిలోనే ఉండాడు,” అంది ఆమె. నిష్ఠూరం లేదు, ఓదార్పూ లేదు. లెక్క చూసుకున్నట్టు అంది. తర్వాత ఇప్పుడేం చేస్తున్నావని అడిగింది. మా బావ లారీ పని చూశాడని చెప్పాను. ఆ మాట ఎందుకు చెప్పానో, ఆమెకు చెప్పాలని ఎందుకు అనిపించిందో తెలియదు.

“జబ్బు పోయిందా?”

“రెండేళ్ళు కావస్తోంది, రాలేదు. ఇక రాదని ఎవరూ చెప్పలేరంట.”

ఆమె ఒక తాలు కాయ తీసి పక్కకు వేసింది.

“పక్కన ఎవురు కూర్చుంటారు?” అంది.

లారీకి క్లీనరు ఉంటాడు. ఎవరో ఒక తల్లి కొడుకు. ఆ మాట నేను పైకి అనలేదు. అన్నం తిని పొమ్మంది. గోంగూర పచ్చడి, మజ్జిగ. తిన్నాను.

మర్నాడు బావకు తోలనని చెప్పాను. ఆయన కొన్ని నెలలు నాతో మాట్లాడలేదు. ఒకరోజు మా నాయన డీజిల్ పంపు విప్పి నా ముందు పెట్టి, ఇది నేర్చుకో, కూర్చొని చేసే పని అన్నాడు. నేర్చుకున్నాను. లారీలు రిపేరు చేస్తాను. పూర్తయ్యాక డ్రైవరును పిలిచి, తోలి చూడమంటాను. నేను రోడ్డు పక్కన నిలబడి ఇంజను శబ్దం వింటాను. మూర్ఛ ఇప్పటికీ రాలేదు. వస్తుందో రాదో తెలియదు.

బండిని పైకి లాగిన రోజు గురించి ఎవరికీ చెప్పలేదు. అది జనవరి పదమూడు. తాళ్ళు పట్టడానికి మనుషులు తక్కువైతే నేనూ వెళ్ళాను. పదకొండింటికి బండి రోడ్డు మీదకు వచ్చింది. ఎడమ పక్క మొత్తం నలిగిపోయింది. ముందు అద్దం లేదు. డ్రైవరు సీటు నిండా మంచు. హవల్దార్ చెబితే చేతులతో ఆ మంచు తీశాను. కోటయ్య నాకన్నా పొట్టి. నా సీటులో కూర్చుంటే వాడి కాలు క్లచ్చికి అందేది కాదు. కంబళి నాలుగు మడతలు వేసి వీపు వెనక పెట్టుకున్నాడు. మంచు తీశాక ఆ కంబళి బయటపడింది. గడ్డకట్టి రేకులాగా నిలబడి ఉంది. మధ్యలో వాడి వీపు ఆనిన గుంట అలాగే ఉంది. దాంట్లో అరచెయ్యి పెట్టాను.